చదును చేసిన చేను

ఫలానా రోజు మీ ఇంటికి వస్తున్నామని ముందే కబురు చేసేవాళ్లతో నాకు కొంచెం కష్టం. చెప్పకుండా వచ్చేవాళ్లు ఇల్లెలా ఉంటే అలా చూసి పోతారు. కబురందితే మాత్రం ఊడవాలి, మంచం మీది పుస్తకాలు దించాలి. ఒంటరిగా ఉండే నాలాంటివాడి ఇంట్లో దుమ్ముకు కూడా స్థిరమైన చోట్లుంటాయి. దాన్ని కదిలించాక చాలాసార్లు వాళ్లు రారు.

ఈ ఊడ్చే జబ్బు మా నాయనది.

డెబ్బైల చివర్లో బి.ఏ. ముగించి, దానితో ఏం చేయాలో తోచక, కుందుర్పి దిక్కున ఉన్న మా ఊరికి తిరిగొచ్చాను. అమ్మ అప్పటికే లేదు. అన్నా వదినా మట్టిపనికి బెంగళూరు పోయారు. ఇంట్లో నాయనా, నేనూ, జత ఎద్దులూ మిగిలాం. మాట్లాడేది ఎక్కువగా నేనే. ఎద్దులు మర్యాదకైనా చెవులు కదిపేవి.

ఆ ఏడు వేరుశెనక్కాయ విత్తిన తర్వాత వాన మళ్లీ మా వైపు రాలేదు. కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే వేళకు చేను మాడిపోయింది. ఎండిన పైరుకు సర్కారు సాయం ఇస్తుందని, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వచ్చి చేను చూసి రాసుకుంటాడని కరణం చాటింపు వేయించాడు. ఆ సాయం వస్తే మళ్లీ విత్తనం దొరుకుతుంది. రాకపోతే ఎద్దులు సంతకు పోతాయి.

అర్జీ నేనే రాశాను. నా చదువు ఇంటికి పనికొచ్చిన సందర్భం అదొక్కటే కాబట్టి అక్షరాలు గుండ్రంగా పెట్టాను. శుక్రవారం సారు మన చేను చూసేకి వస్తాడని నాయనకు చెప్పి, ఏదో గుమాస్తా ఉద్యోగపు పరీక్షకు అనంతపురం బస్సెక్కాను.

శుక్రవారం పొద్దున్నే బస్సు దిగి నేరుగా చేను దగ్గరికి పోయాను. మొదట గుర్తుపట్టలేదు. అంత దూరం నుంచి అధికారి వస్తే మాడిన మొక్కలు చూపించడం బాగుండదని, నాయన రెండు రోజులు ఒక్కడే వంగి మొత్తం పీకేశాడు. వాటిని ఎద్దుల మేతకు ఇంటికి చేర్చి, గుంటక తోలి నేలంతా చదును చేశాడు. ఉతికిన పంచె కట్టుకుని, చెంబుతో నీళ్లు పెట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు. అమ్మ పోయాక ఆయన ముఖంలో అంత తృప్తి నేను చూడలేదు.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నీళ్లు తాగాడు. చేను ఈ కొస నుంచి ఆ కొసకు చూశాడు.

"ఏమప్పా, ఈడ ఏం పైరు పెట్టినావు?"

"శెనక్కాయ సార్," అన్నాడు నాయన.

"యాడుండాది?"

"ఇంటికాడ ఎద్దులు తింటాండాయి సార్."

ఆయన చెడ్డవాడు కాదు. ఎద్దులు తిన్నాయని రాసేందుకు కాగితంలో గడి లేదని ఓపికగానే చెప్పాడు. ఇంటికొచ్చి మేత చూడమన్నాను. తాను చూడాల్సింది చేనునే గాని కొట్టాన్ని కాదన్నాడు. అప్పుడు ఇంగ్లీషులో వాదించాను. నా ఇంగ్లీషు బాగుందని మెచ్చుకుని, బీడు అని రాసుకుని, పక్క చేనుకు పోయాడు. ఆ చేను రైతు తన ఎండిన మొక్కల్లో ఒక్కటీ కదల్చలేదు, కలుపుతో సహా. సాయం ఆయనకు వచ్చింది.

పీకిన మేత అయిపోయేదాకా ఎద్దులు మాతో ఉన్నాయి. తర్వాత సంతలో గోరంట్ల వైపు రైతు ఒకాయన తోలుకుపోయాడు. మా వైపు ఎద్దును అమ్మినా పలుపు ఇవ్వరు. ఇస్తే కొట్టానికి మళ్లీ ఎద్దు రాదంటారు. కొన్నాయన తన తాళ్లు తెచ్చుకున్నాడు. నాయన మా పలుపులు రెండూ విప్పి భుజాన వేసుకున్నాడు.

సంత నుంచి ఊరికి నడక. ఆయన ముందు, నేను వెనక. ఏదైనా నవ్వొచ్చే మాట అందామని రెండు మూడుసార్లు గొంతు సవరించుకున్నాను. ఊరు కనబడే మలుపు దగ్గర నాయన ఆగి, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"అంత సదువు సదివినావు. చేను ఎట్లుండేది అట్లే ఉండనీ అని ఒక్క మాట చెప్పేకి రాలేదు గదరా నీకు."