ఏ ఊరన్నాడో

మా సర్వేయర్ భాయ్ పోయాడు. పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున క్యాంపులో టీ పెట్టుకుంటుంటే, దోహా ఆసుపత్రి నుంచి ఫోన్ నాకే వచ్చింది. స్టవ్ కట్టేశానో లేదో కూడా గుర్తులేదు. ఇప్పటికీ నాకు అంతా అయోమయంగానే ఉంది.

ఆయనది జగిత్యాల పక్కన ఒక ఊరు, మాదీ అటువైపే. ఇక్కడ ఖతార్‌లో ఉత్తరాన, మదీనత్ అల్ షమాల్ వైపు, సముద్రం ఒడ్డున పాడుబడ్డ పాత ముత్యాల పట్నం ఉంది. దాని గోడ బయట ఎవరు బతికారో, ఎంత దూరం దాకా బతికారో తవ్వకాల వాళ్ల కోసం వెతకడం మా పని. ఆయన కొలతలు తీస్తే నేను గుర్తుగా జెండాలు పాతేవాణ్ని.

"గోడ లోపల సేట్లుంటరు. నీళ్లు మోసినోళ్లు, పడవలు చేసినోళ్లు ఏడుంటరు? మనోళ్ల క్యాంపులు ఏడున్నయ్, దోహా నడుమనా?" అనేవాడు. ఇసుకలో కుండపెంకు కనబడితే చాలు, "యల్లా, జెండా" అని అరబ్బీలో తొందరపెడుతూ కేక. ఎండలో నడిపించి నా ప్రాణం తీసేవాడు. నేను సణిగితే నవ్వి, ఫ్లాస్కులోంచి ముందు నాకే టీ పోసేవాడు. నేలను చూస్తూ నడవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

చిక్కంతా ఒక్క మాటతో వచ్చింది. ఆ పాడుపట్నాన్ని ఆయన ‘ఊరు’ అనేవాడు. డ్యూటీకి బండెక్కుతూ "నడువ్, ఊరికి పోదాం" అనేవాడు. సెలవు మీద ఇంటికి వెళ్ళేటప్పుడూ "ఊరికి పోతున్న" అనే అనేవాడు. ఆసుపత్రిలో చివరిసారి నా చెయ్యి పట్టుకుని, "నన్ను ఊరికి తీస్కపో" అన్నాడు. ఏ ఊరు భాయ్ అని అడిగేలోపే మగతలోకి జారిపోయాడు.

ఆయన పోయిన రోజు సాయంత్రం ఇంటి నుంచి ఆయన భార్య, మా భాబీ, ఫోన్ చేసింది.

"అన్నా, ఆడనే మట్టి చేద్దామంటున్నరు కంపెనీవాళ్లు. నువ్వు దగ్గరున్నవ్ గదా, ఆయనేమన్నడు?"

"ఊరికి తీస్కపొమ్మన్నడు భాబీ."

"అయితే తీస్కరా," అని ఏడ్చింది.

ఆమెకు ఉన్నది ఒకటే ఊరు. ఇక్కడి ఊరి సంగతి నేను ఎత్తలేదు. ఆయన కోరింది ఇదేనా, లేక ఆ ఇసుకలో ఇంకోసారి నడుద్దామన్నాడా? తలచుకున్నకొద్దీ బుర్ర తిరిగిపోతోంది.

పెట్టెతో పాటు నేనూ వెళ్ళాను. ఖబ్రస్తాన్ ఊరి బయట, ఎత్తుగడ్డ మీద ఉంది. అందరితో పాటు నేనూ పిడికెడు మట్టి తీసుకున్నాను. చేతికి ఏదో గరుకుగా తగిలింది. విప్పి చూస్తే పాతకాలపు కుండపెంకు, అంచు మీద గీతలు. చూపిద్దామని గబుక్కున భాయ్ కోసం చుట్టూ చూశాను.