పాత పేపర్ల వెనక పెద్ద డిక్షనరీ

ఆ డిక్షనరీని దాచింది నేను. దొంగ అనిపించుకున్నది శ్యామల.

ఈ రెండు ముక్కలు నోట్లోంచి రావడానికి నాకు ఇరవై ఏళ్ళ పైనే పట్టింది. అన్నం ముందు కూర్చున్నా, బస్సులో కూర్చున్నా, ఎవరైనా నన్ను చదువుకున్న మనిషని మెచ్చుకున్నా అవే గుర్తుకొచ్చేవి. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేను బడికి పోయింది ఐదో తరగతి దాకే. ఇంగ్లీషు నాకు ఎవరూ నేర్పలేదు. ఎల్లారెడ్డిలో సైకిళ్ళు బాగుచేసుకుంటూ, కిరాణా పొట్లాల కాగితాల మీద, మందుల డబ్బాల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. డిగ్రీలున్నవాళ్ళకు నేనొక వేడుక. "ఏం బాపూ, లండన్‌కెళ్ళి టెలిగ్రాం గిట్ల వచ్చిందా?" అని ఒక లెక్చరర్ కనబడ్డప్పుడల్లా నవ్వేవాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. చల్లార్చుకోను కూడా. ఐదో తరగతి చదివినవాడికి ఇంగ్లీషు మీద హక్కు లేదా? ఉంది. కానీ ఆ కోపాన్ని చివరికి ఎవరి మీద తీర్చుకున్నాను?

మా ఊరి రీడింగ్ రూంలో ప్రతి ఆదివారం ఒక పందెం జరిగేది. వారం ముందే నల్లబల్ల మీద ఐదు ఇంగ్లీషు అక్షరాలు రాసిపెట్టేవారు. ఆ ఐదూ ఉన్న మాటల్లో అన్నిటికంటే పొడవైనది వెతికి తేవాలి. మిగతా అక్షరాలు ఏవున్నా ఫరవాలేదు. షరతు ఒక్కటే. ఆ మాటను డిక్షనరీలో తీసి, అందరి ముందు వేలుపెట్టి చూపాలి. చూపలేనిది లెక్కలోకి రాదు. గెలిచినవాళ్ళ పేరు వారమంతా నల్లబల్ల మీద ఉండేది. అంతే, వేరే బహుమానం లేదు. చాలా వారాలు అక్కడ నా పేరే ఉండేది. నా డిగ్రీ అదే.

నాకొక కిటుకు ఉంది. ముందుగా మాట తోక, అంటే చివరి అక్షరాలు, పట్టుకుంటాను. తోక దొరికితే ఒళ్ళు వెతకడం సులువు. ఆ కిటుకు శ్యామలకు నేర్పింది కూడా నేనే. ఆ పిల్లకు కూలికి పోయే తల్లి తప్ప ఎవరూ లేరు. డిగ్రీ అయింది, పుస్తకాలు కొనే తాహతు లేదు, ఉద్యోగ పరీక్షలకని రోజూ రీడింగ్ రూంకు వచ్చి చదువుకునేది. నన్ను పెద్దబాపూ అని పిలిచేది.

ఆ వారం అక్షరాలు బీ, హెచ్, ఎం, పీ, వై. బీ, వై కనబడగానే 'బిలిటీ' అనే తోక పట్టాను. కుస్తీ పడగా పడగా 'కాంప్రహెన్సిబిలిటీ' దొరికింది. పదిహేడు అక్షరాలు. ఇంట్లో నా చిన్న డిక్షనరీలోనే ఉంది. ఇక నాకు తిరుగులేదనుకున్నాను. శనివారం సాయంత్రం శ్యామల రీడింగ్ రూంలోని పెద్ద డిక్షనరీని బీరువాలో పెట్టి నా దగ్గరికి వచ్చింది.

"పెద్దబాపూ, నీదెంత పొడుగున్నది?"

"రేపు సూస్తవు తియ్. నీదెంత?"

"పందొమ్మిది!" చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నువ్వు తోక పట్టుమన్నవు గద. నేను తోక పట్టి తలకాయ గూడ తగిలిచ్చిన. ముంగట 'ఇన్' పెట్టిన. పెద్ద డిక్షనరీల ఉన్నది, సూసిన. రేపు నీ పేరు తుడుస్త సూడు."

"తుడువు బిడ్డా, తుడువు."

నవ్వుతూనే అన్నాను. ఆమె గేటు దాటగానే ఆ డిక్షనరీని తీసి, మూలకున్న పాత పేపర్ల కట్టల వెనక్కి తోశాను. సోమవారం తీసి పెడదామనుకున్నాను. నిజంగా అనుకున్నానా? లేక ఆ తర్వాత ఎప్పుడో, నిద్ర పట్టక, అలా అనుకున్నానని నాకు నేనే చెప్పుకున్నానా? ఇప్పుడు తేల్చుకోలేకపోతున్నాను.

ఆదివారం అందరూ వెతికారు. పెద్ద డిక్షనరీ లేదు. నేను సంచిలోంచి నా చిన్నది తీసి నా మాట మీద వేలుపెట్టాను. శ్యామల మాట 'ఇన్‌కాంప్రహెన్సిబిలిటీ' అందులో లేదు. "ఉన్నది సార్, నిన్ననే సూసిన" అని ఆ పిల్ల అంటూనే ఉంది. నల్లబల్ల మీద నా పేరు అలాగే ఉండిపోయింది.

అక్కడితో ఆగినా బాగుండేది. రీడింగ్ రూం చూసుకునే పెద్దమనిషి, "నిన్న ఆఖరికి ఎవరి చేతుల ఉండె?" అని అడిగాడు.

"శ్యామల చేతుల సూసిన" అన్నాను. అందరూ విన్నారు.

అది అబద్ధం కాదు. ఇన్నేళ్ళూ ఆ ఒక్క సంగతిని పట్టుకుని బతికాను. నేనేమన్నాను, చూసింది చెప్పాను, అంతే కదా అని. నోటితో నిజం చెప్పి ఒక పిల్లను దొంగను చేయడం అబద్ధం కంటే నీచమని నాకు ఆ క్షణంలోనే తెలుసు. తెలిసే నోరు మూసుకున్నాను.

పుస్తకం తెచ్చేదాకా లోపలికి రావద్దన్నారు. లేని పుస్తకం ఆమె ఎక్కడినుంచి తెస్తుంది? తల్లి వచ్చి బతిమాలినా వినలేదు. సోమవారం నేను తీయలేకపోయాను. ఎక్కడ దొరికిందని అడుగుతారు కదా.

ఎండాకాలం సున్నాలు వేసేటప్పుడు పేపర్ల కట్టలు జరిపితే డిక్షనరీ బయటపడింది. హమ్మయ్య, ఇకనైనా ఆ పిల్ల మీద మచ్చ పోతుందనుకున్నాను. ఆ పెద్దమనిషి దుమ్ము దులుపుతూ, "సూసినవా, ఇంకెవలకు దొరకొద్దని ఈడ దాసింది పోరి" అన్నాడు. నేను తలూపాను. ఊపకుండా ఉండొచ్చు. ఊపాను.

శ్యామల మళ్ళీ ఆ గడప తొక్కలేదు. పరీక్షలు రాయలేదని విన్నాను. ఇప్పుడు కామారెడ్డిలో ఒక బట్టల దుకాణంలో పనిచేస్తుంది. మొన్న బస్సెక్కి వెళ్ళాను. జనం పలచబడేదాకా బయట నిలబడి, దగ్గరికి పోయి, గొంతు తగ్గించి మొత్తం చెప్పాను. మడతపెడుతున్న చీరను వదిలేసి విన్నది. ఏడవలేదు. తిట్టినా బాగుండునని నిలబడ్డాను.

చెప్పినందుకు గుండె కొంచెం తేలికైంది, దాచను. అంతకుమించి నాకు దొరకాల్సిందేమీ లేదు. ఆమె మాట విన్నాక కూడా, రీడింగ్ రూంకు పోయి అందరి ముందు ఒప్పుకునే ధైర్యం ఇంకా రాలేదు. అందుకే ముందు మీకు రాస్తున్నాను, పేరు లేకుండా. ఇదీ పిరికితనమే. ఆమె అన్నది ఇది:

"ఆ దినం నల్గురి ముంగట అంటివి. ఇయ్యాల నా ఒక్కదాని చెవుల చెప్పి పోతున్నవు. నాకెందుకు చెప్తవ్ పెద్దబాపూ? నేను దొంగను కానని నాకు ఎరుకనే గద."