నేను లేవని కుర్చీ

ముందే నా తెలివితక్కువతనం ఒప్పేసుకుంటాను, మీకు ఎదురుచూసే బాధ తప్పుతుంది. ఇక్కడ అమెరికాలో, పిస్కాటవే దగ్గర ఒక ఊరి లైబ్రరీలో చాలా ఏళ్ళు పనిచేశాను. ఏ పుస్తకం ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. కళ్ళు మూసుకోవడమే నా అసలు విద్య అని ఆలస్యంగా తెలిసింది. ఒక్క సంగతిని మాత్రం ఎక్కడ పెట్టాలో తెలియక ఇన్నేళ్ళూ గుండెల మీదే మోశాను. మా చర్చి సంఘంలో పాపం చెప్పుకోవడానికి చాటు గదులుండవు. అందుకని మీకు చెబుతున్నాను.

ఆమెను గ్రేస్ అందాం. అసలు పేరు అది కాదు. ఇక్కడే పుట్టిన పిల్ల, మా తెలుగు చర్చి సండే స్కూల్లో నా దగ్గర వాక్యాలు బట్టీపట్టింది. పెద్దయి లైబ్రరీ సైన్స్ చదివి మా లైబ్రరీలోనే చేరింది. కొన్నాళ్ళకు మా విభాగం హెడ్ రిటైరైతే, కొత్తవాళ్ళను ఎంచుకునేదాకా డైరెక్టర్ ఆ బాధ్యత గ్రేస్‌కి అప్పగించింది. అంటే నాకు పై అధికారి. మా ఆఫీసులో చిన్నా పెద్దా అందరూ పేర్లతోనే పిలుచుకుంటారు. గ్రేస్ మాత్రం మీటింగులో కూడా నన్ను అంకుల్ అనేది. ఆ గౌరవమే నా కొంప ముంచింది. అంకుల్ అనిపించుకుంటూ కూర్చున్నవాడు, ఆ పిల్ల లెమ్మంటే లేస్తాడా?

నిజంగానే లెమ్మంది. గుమ్మానికి ఎదురుగా, వచ్చినవాళ్ళ సందేహాలు తీర్చే పెద్ద డెస్కు ఉండేది. దాని వెనక నా కుర్చీ, కుర్చీలో మా ఆవిడ కుట్టిచ్చిన కుషన్. ఆ డెస్కు తీసేద్దామని, టాబ్లెట్ పట్టుకుని మనమే జనం దగ్గరికి నడిచివెళ్దామని గ్రేస్ ఆలోచన. పిల్లల్ని చూసిపోవడానికి వచ్చిన మన అమ్మమ్మలు మధ్యాహ్నాలు లైబ్రరీకి వస్తారు. డెస్కు వెనక నన్ను చూసి మండలాఫీసు గుమాస్తాను చూసినట్టు జంకి, అరల మధ్యే కాసేపు నిలబడి వెళ్ళిపోతారు. ఇది గమనించింది గ్రేస్. తెలుగువాణ్ణి, ఎదురుగా కూర్చున్నవాణ్ణి, నేను గమనించలేదు. ఆమె తన విరిగిన తెలుగుతో వాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఏ బుక్ కావాలి మీకు అమ్మమ్మా అంటే ఆ ముఖాలు వెలిగిపోయేవి. నేను కుర్చీలోంచి ఆమె తెలుగు దిద్దేవాణ్ణి. లేవకుండా చేయగలిగిన సేవ అదొక్కటే మరి.

ఆ పోస్టుకి శాశ్వతంగా మనిషిని తీసుకునే సమయం వచ్చింది. ఒక సాయంత్రం పార్కింగ్ లాట్‌లో గ్రేస్ నా కారు పక్కన నిలబడి ఉంది.

"అంకుల్, నేను అప్లై చేస్తున్నా. నాకు ఈ జాబ్ చాలా కావాలి. డైరెక్టర్ మీ మాట వింటారు. నా గురించి అడిగితే, గుడ్‌గా చెప్తారా?"

"నేనుండగా నీకెందుకమ్మా భయం."

"భయం కాదు. డెస్క్ గురించి మీకు కోపం ఉందేమో అని."

"డెస్కుదేముందే పిచ్చిపిల్లా, చెక్క."

ఆమె నవ్వి, నా కారు తలుపు తనే తీసింది.

ఆ వారంలోనే డైరెక్టర్ నన్ను పిలిచి తలుపు వేసింది. ఆవిడది నా ఈడే. ఇద్దరివీ ఒకటే మోకాళ్ళు, కొత్త సాఫ్ట్‌వేర్ అంటే ఒకటే నొప్పి. ఆ అమ్మాయిని చిన్నప్పటినుంచీ ఎరుగుదువు కదా, ఈ జట్టును నడపగలదా అని అడిగింది. నేను రెండు ముక్కలు చెప్పాను. మంచి పిల్ల. ఇంకాస్త టైమ్ పడుతుంది.

అంతే. అందులో అబద్ధం ఉందా? మన పిల్లను ఎవరైనా మెచ్చుకుంటే, ఆఁ, దానికేం తెలుసు, ఇంకా చిన్నది అంటాం. మనవాళ్ళను మనమే పొగడకూడదు, అది మన మర్యాద. ఇక్కడ మాత్రం, సిఫారసు అడిగినప్పుడు ఆకాశానికి ఎత్తకపోతే పాతాళానికి తొక్కినట్టే. ఇన్నేళ్ళు ఇక్కడ ఉద్యోగం చేసినవాణ్ణి, ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. నా నేరం అక్కడే ఉంది. ఇంటి మర్యాదను ఆఫీసుకి పట్టుకెళ్ళి, ఎవరైనా అడిగితే మా అలవాటండీ అని తప్పుకునేలా, చేతికి మరక అంటకుండా ఆ పిల్ల దారికి అడ్డం పెట్టాను. అసూయా? భయమా? కుషన్ మీద మమకారమా? ఏదైనా కానివ్వండి, అలవాటు మాత్రం కాదు.

పోస్టు బయటి మనిషికి వెళ్ళింది. గ్రేస్ ఎర్రబడ్డ కళ్ళతో నా దగ్గరికొచ్చి, మీరు ట్రై చేశారు, నాకు తెలుసు, థాంక్స్ అంకుల్ అంది. అప్పుడే చెప్పేయాల్సింది. నోట్లో నాలుక లేకపోలేదు. అది కూడా కూర్చునే ఉంది.

కొన్ని నెలలకు ఆమె దూరంగా వేరే లైబ్రరీలో చేరింది. అక్కడ ఆదివారాలు డ్యూటీ. మా చర్చి క్వయర్‌లో ముందు వరసలో పాడేది, మానేసింది. ఎప్పుడైనా చర్చికి వస్తే మాత్రం నన్ను వెతుక్కుంటూ వచ్చి, వందనాలు అంకుల్ అంటుంది. వందనాలమ్మా అంటాను ఆమె చెప్పులకేసి చూస్తూ. ఈ రోజుకీ చెప్పలేదు. చెబితే నా బరువు దిగుతుంది. ఆమెకు ఏం దిగుతుంది? ఇది జాలా, ఇంకో కుషనా? మీకు చెప్పాక మాత్రం బరువున్న సంచీని ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నట్టుంది. దిగలేదు. ఊపిరి ఆడుతోంది.

కొత్తగా వచ్చిన హెడ్ మర్యాదస్తుడు, నా డెస్కు జోలికి రాలేదు. దేనికోసం ఆ పిల్లను ఆపానో అది నాకే మిగిలింది. రిటైరయ్యేదాకా ఆ కుర్చీలోనే కూర్చున్నాను, ఒక్కరోజూ సుఖంగా కూర్చోలేదు.

ఈ వసంతంలో నా ఆఖరి రోజు. కుర్చీకి బెలూన్లు కట్టి, అందులో నన్ను కూర్చోబెట్టి ఫోటో తీస్తామన్నారు. నేను అందరికంటే ముందే వెళ్ళి, కుషన్‌తో సహా ఆ కుర్చీని దొర్లించుకుంటూ వెనక గుమ్మం దగ్గరికి, పారేసే సామాన్ల మధ్యకి తోసేశాను. అందులో ఇన్నేళ్ళు కూర్చున్నవాడి మీద నేను తీర్చుకోగలిగిన కక్ష అంతే. బెలూన్లు పట్టుకుని వచ్చినవాళ్ళు కుర్చీ ఏదని అడిగితే, రిటైరైంది అన్నాను.

రోజంతా నిలబడ్డాను. మధ్యాహ్నం స్వెట్టర్ మీద కొంగు కప్పుకుని ఒక పెద్దావిడ అరల మధ్య ఆగి ఉంది. మోకాళ్ళు మొత్తుకుంటుండగా నడిచివెళ్ళి, ఏం పుస్తకం కావాలమ్మా అన్నాను.

ఆవిడ ఉలిక్కిపడి, మీరిక్కడ పనిచేస్తారా బాబూ అంది.

ఇవాళే మొదలుపెట్టానండీ, అన్నాను.