మా బావి నీళ్లను నాయినమ్మ చూసిన రోజు

మా చిన్నప్పుడు... ఆడవాళ్ల కన్ను మూసే పని నాకు అప్పజెప్పారంటే నమ్ముతారా?

నిజాం జమానా అది. అమీర్‌పేటలో ఇప్పుడున్న సందడి వీసమెత్తు కూడా లేదు... అక్కడక్కడా పెంకుటిళ్లు, జొన్నచేలు, పంజాగుట్ట వైపు పోయే టాంగాలు. ఆ దారి పక్క ఖాళీ జాగాలో షామియానా వేసి ఆరోగ్య ప్రదర్శన పెట్టారు. మధ్యాహ్నాలు ఆడవాళ్లకే. బడిలో ఉర్దూ, ఇంట్లో తెలుగు... రెండూ గడగడా మాట్లాడతానని మా పంతులమ్మ నన్ను వాలంటీరుగా పంపింది. జాకెట్టుకు ఎర్ర రిబ్బను గుచ్చారు. ఆ రిబ్బను పెట్టుకుని నేను నేల మీద నడిస్తే ఒట్టు!

లోపల ఈగల బొమ్మలు, ఊపిరితిత్తుల పటాలు... ఎన్నో ఉన్నాయి గానీ, నా ప్రాణమంతా మైక్రోస్కోపు దగ్గరే. ఆడవాళ్లు దాన్ని 'దుర్బీన్' అనేవారు. చుక్క నీళ్లలో ఏమేం కదులుతాయో అందులో చూపించేవారు. చిక్కేమిటంటే, చూడాలంటే ఒక కన్ను మూయాలి. నలుగురిలో ఒంటికన్ను మూస్తే కన్ను కొట్టినట్టే కదా... కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడమే తప్ప ఒక్కరూ ముందుకు రారు. అందుకని వాళ్ల ఎడమ కన్ను మీద నా అరచెయ్యి అడ్డం పెట్టాలి. సాయంత్రానికి చెయ్యంతా కాటుకే!

ఖాళీ దొరికితే నేనే చూసేదాన్ని. కుంట నీళ్లు, కుండీ నీళ్లు, ఏది దొరికితే అది. మైక్రోస్కోపు దగ్గరుండే డాక్టరమ్మను ప్రశ్నలతో తినేసేదాన్ని... వాటికి నిద్ర ఉంటుందా? మనం చూస్తున్నట్టు వాటికి తెలుస్తుందా? ఆవిడది బెజవాడ వైపు. విసుక్కోకుండా చెప్పేది. అలా చెబుతూ ఒకరోజు నారికురుపు సంగతి ఎత్తింది.

మా అమ్మ కాలికి అదే. చీలమండ దగ్గర పుండు పడి, అందులోంచి దారంలాంటి పురుగు రోజుకింత బయటికి వస్తుంటే, పుల్లకు చుట్టి కట్టు కట్టుకునేది. ఆ కాలితోనే చంకన కడవతో మెట్లబావిలోకి దిగేది. దిగేటప్పుడు పళ్లు బిగబట్టేది. మా ఇంట్లో నాయినమ్మ మాటే మాట. "అందరికి అయితయి కురుపులు. నడుస్తుంటె అదే పోతది" అనేది.

బావి నీళ్లలో పురుగులుంటాయట, కురుపున్నవాళ్లు దిగకూడదట, నీళ్లు గుడ్డతో వడకట్టాలట... విన్నదంతా ఇంట్లో చెప్పాను. నాయినమ్మ భగ్గుమంది.

"గంగమ్మల పురుగులేందే? గవి మీ డాక్టరమ్మ తెచ్చిన నీళ్లల్ల ఉంటయేమో. మన బాయి నీళ్లు అద్దమోలె ఉంటయి."

"గట్లయితే మన నీళ్లే తెచ్చి చూడు నాయినమ్మా!"

ఆవిడకు పౌరుషం పొడుచుకొచ్చింది. మర్నాడు రాగిచెంబు కొంగు కింద పెట్టుకుని, దారిలో ఎవ్వరినీ తాకనివ్వకుండా వచ్చింది.

డాక్టరమ్మ పైనుంచి ఒక చుక్క తీసి గాజుపలక మీద వేసింది. ముందు నేను చూశాను... ఏమీ లేదు!

"నేను చెప్పలే?" అంది నాయినమ్మ, షామియానా అంతా వినబడేటట్టు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఇక అమ్మకు ఆ మెట్లు దిగడం తప్పదనిపించింది.

"ఉండమ్మా, అడుగున కూడా చూద్దాం" అని డాక్టరమ్మ ఈసారి చెంబు అడుగు నుంచి తీసింది. మళ్లీ వంగాను... తోకలున్న పురుగులు, టుక్కు టుక్కున గెంతుతున్నాయి!

"రా నాయినమ్మా, చూడు!"

"ముసల్దాన్ని... ఇంతమందిల కన్ను గొట్టాల్నా?"

ఆవిడ కన్ను నేనే మూశాను. వంగింది. ఎంతకీ తల ఎత్తదు. నా అరచేతి కింద ఆవిడ రెప్ప కొట్టుకోవడం తెలుస్తోంది.

"గీ నీళ్లేనా మేము తాగేది?" అంది చివరికి.

"ఈ పురుగులు వాటంతటవి ఏమీ చేయవమ్మా. కురుపున్న కాలు నీళ్లలో పెడితే, ఆ పుండులోంచి నారిపురుగు పిల్లలు వచ్చి వీటి కడుపులో చేరతాయి. ఆ నీళ్లు తాగితే ఇంకొకరికి కురుపు. మీ ఇంట్లో అలాంటి కాలితో ఎవరైనా బావిలోకి దిగుతున్నారా?"

నాయినమ్మ నా వైపు చూసింది.

"దిగుతున్నది, నా కోడలు" అంది. "నేనే పంపుతున్న."

ఇద్దరం ఇంటికి వచ్చాం. అప్పటికే అమ్మ కట్టు బిగించుకుని కడవ అందుకోబోతోంది. నాయినమ్మ పెట్టెలోంచి తన నేతచీర తీసి, కొంగు పర్రున చింపి, మడతలు వేసి కడవ మూతికి కట్టింది.

"కాలు మానేదాక బాయి దిక్కు పోకు. నేను తెస్త."

అమ్మ గడపలో అలాగే నిలబడిపోయింది. నాయినమ్మ ఆయాసపడుతూ తిరిగొచ్చి, చెంబు నిండా వడగట్టిన నీళ్లు పోసి, "తాగు" అంది. కాపురానికి వచ్చాక అమ్మకు అత్త చేతి నీళ్లు అందడం అదే మొదలు. తాగుతూ తాగుతూ ఏడ్చింది. తలుచుకుంటే నాకిప్పటికీ కళ్లు నిండుతాయి...

ఆ బావిని ఎప్పుడో పూడ్చేశారు. ఇప్పుడు నీళ్లు డబ్బాల్లో మూడో అంతస్తుకే వస్తున్నాయి. మంచిదే, ఏ కోడలికీ ఆ బాధ లేదు. కానీ తను నమ్మని మాటను కూడా "సరే, చూద్దాం పద" అని చూడటానికి బయల్దేరే మనుషులు తగ్గిపోయారు. అందరి ముందూ "నేనే" అని ఒప్పుకునేవాళ్లు మరీ తగ్గిపోయారు...

మీ ఇంట్లో అలా మనసు మార్చుకున్న మొండిఘటం ఎవరు? రాయండి... నాకు చూపు ఆనదు గానీ, మా మనవరాలు చదివి వినిపిస్తుంది.