మార్గితా మోకాలు, మసకబారిన గీత

మార్గితా సోప్కోవా తన కుడి మోకాలితో దీపం ఆర్పేయగలదు. కోషిత్సె పట్టణంలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. సరే, దీపం కాదు. రెండు గాజుపలకల మధ్య వెంట్రుక మందాన పరిచిన ద్రవ స్ఫటికంలోంచి వచ్చే వెలుతురు. ఆర్పేయడం కూడా కాదు, మసకబార్చడం. పట్టణమంతా అన్నదీ కాస్త ఎక్కువే; ప్రయోగశాల భోజనాల గదిలో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునేవాళ్ళకు తెలుసు. మోకాలు మాత్రం కుడిదే.

ఆవిడ అక్కడ ముప్ఫై నాలుగేళ్ళుగా ద్రవాలు కలుపుతోంది. ఆ స్ఫటికంలోని అణువులు పుల్లల్లాంటివి. అయస్కాంతం దగ్గరికి తెస్తే తిరుగుతాయి, దాంతో వెలుతురు మారుతుంది. కానీ వాటికి మహా బద్ధకం. బలమైన అయస్కాంతం ఉంటే గానీ కదలవు. అందుకని మార్గితా కంటికి ఆనని అయస్కాంతపు నానో కణాలను వాటిలో కలుపుతుంది. అవి చిన్న అయస్కాంతానికే తిరిగి, పుల్లలనూ తమతో లాక్కుపోతాయి. ఒక్క చుక్క ఎక్కువైతే కణాలన్నీ గుమిగూడి గడ్డకడతాయి. పదిహేడు సీసాలు అలాగే పాడయ్యాయి. పద్దెనిమిదోది లేత టీ రంగులో, మడ్డి లేకుండా కుదిరింది.

అది గురువారంలోగా పనిచేయకపోతే జర్మనీ నుంచి కలిపి ఉన్న ద్రవమే తెప్పిస్తానన్నాడు ఇంజనీరు రాస్తిస్లావ్. అంటే మార్గితా బల్ల ఇక మార్గితాది కాదు.

సోమవారం పరీక్ష పెట్టారు. కరెంటు పోస్తే అయస్కాంతమయ్యే తీగచుట్టలోకి ఇంకా కరెంటు ఇవ్వనేలేదు, వెలుతురు చూపించే గీత తెర మీద కిందికి జారిపోయింది.

"మళ్ళీ గడ్డకట్టిందండీ," అన్నాడు రాస్తిస్లావ్.

"గడ్డకట్టింది నీ బుర్ర. జేబులు ఖాళీ చెయ్యి."

ఆ గదిలో అది ఆవిడ చట్టం. బయటి బూట్లు విప్పి లోపలి చెప్పులు తొడుక్కోవాలి. తర్వాత, ఒంటి మీదున్న ఇనుప ముక్కన్నదల్లా తలుపు దగ్గరి పాత దోసకాయల జాడీలో వేయాలి. తాళాలు పడ్డాయి, ఫోను పడింది. గీత మళ్ళీ జారింది. మంగళవారం బెల్టు కూడా తీయించింది. ఒక చేత్తో పాంటు పట్టుకుని, రెండో చేత్తో మీటలు తిప్పుతూ అతను పళ్ళు నూరాడు.

"ఇంకేం విప్పమంటారు?"

"ఆ కళ్ళజోడు దేంతో చేశారు?"

"ప్లాస్టిక్కండీ!"

"చూసి చెప్పు."

"అది తీస్తే నాకేం కనబడదు!"

"పెట్టుకుంటే మాత్రం ఏం కనబడి ఏడిసింది, నాయనా?"

బుధవారం ఆవిడ కాఫీకి వెళ్ళింది. గీత రాయిలా నిలబడింది. ఆవిడ తిరిగొచ్చి స్టూలు మీద కూర్చుని, బల్ల కిందికి కాళ్ళు చాపింది. గీత జారింది.

"మీరు లేనప్పుడు బానే ఉంటోందండీ," అన్నాడతను, ఆమె వైపు చూడకుండా.

"అంటే నా మొహం చూసి మసకబారుతోందంటావా?"

"నేనలా అన్నానా?"

"ముప్ఫై నాలుగేళ్ళు! నీకు బొడ్డు కోయకముందు నుంచి కలుపుతున్నాను!" అంటూ ఆవిడ కొలతల కాగితాలను బల్లకేసి కొట్టింది. వాటికి పెట్టిన ఇనుప క్లిప్పు ఊడి బల్ల అంచు దాటింది.

నేల మీద పడ్డ చప్పుడు రాలేదు.

ఇద్దరూ వంగి చూశారు. క్లిప్పు ఆవిడ తెల్ల కోటు మీద, సరిగ్గా కుడి మోకాలి దగ్గర, అతుక్కుని ఉంది.

కోటు కింద ఆవిడ మోకాలికి చుట్టుకుని ఉన్నది, వేసవిలో వేడినీటి బుగ్గల ఊరికి విశ్రాంతికి వెళ్ళినప్పుడు కొన్న పట్టీ. నొప్పి లాగేస్తాయని లోపల ఎనిమిది అయస్కాంతాలు కుట్టారు. ఆవిడ లెక్కలో అది మందు. మందును జాడీలో వేయాలని ఎవరికి తోస్తుంది?

మార్గితా లేచి బయటికి వెళ్ళింది. కాస్త కుంటుతూ తిరిగొచ్చింది. జాడీలో ఏదో పడ్డట్టు బరువైన చప్పుడైంది. రాస్తిస్లావ్ మీట తిప్పాడు. గీత కదల్లేదు. ఇంకాస్త తిప్పాడు. కణాలు కలపని స్ఫటికానికి కావలసిన కరెంటులో మూడో వంతుకే గీత అందంగా కిందికి ఒంగింది. అతను జర్మనీకి రాసిన ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న ఆవిడ స్టూలు కాలి కింద దోపాడు.

ఇదంతా నిజమేనా అని భోజనాల గదిలో అడిగితే మార్గితా చెంచా కింద పెట్టి చెబుతుంది: "పట్టీ ఏమిటి? నాకసలు మోకాళ్ళ నొప్పే లేదు. ఆ క్లిప్పు కూడా ప్లాస్టిక్కుది."