కోట పోయేనాటి వరసలు

మాఘమాసం, ఆదివారం. తాండూరు. హాజరైనవారు: రాజు, రాణి, సేనాపతి, హార్మోనియం మాస్టరు, ప్రాంప్టరునైన నేను.

నాటకం ఉన్న రోజు డైరీలో మనుషుల పేర్లు రాయను, వేషాలే రాస్తాను. ఉద్యోగంలో చేరకముందు మొదలైన అలవాటు. ఉద్యోగం అయిపోయింది, అలవాటు మిగిలింది.

వికారాబాదులో రైలెక్కేసరికి అనంతగిరి ఇంకా మంచులోనే ఉంది. రాజు కిటికీ పక్కన కూర్చుని, పెదవులు కదుపుతూ తన మాటలు వల్లె వేసుకుంటున్నాడు. పోయిన వానకాలం ఆయనకు జబ్బు చేసింది. కాళ్లూ చేతులూ మళ్లీ దారికొచ్చాయి కానీ, మాటలే ఒక్కోసారి నడుమ ఆగిపోతున్నాయి. రిహార్సల్లో కోట తాళాలు రాణికి అప్పగించే చోటుకు వచ్చేసరికి ప్రతిసారీ నేనే మాట అందించాల్సి వచ్చింది.

ధారూరు దాటాక ఆయన నా మోకాలి మీద చెయ్యేశాడు.

"ఇయ్యాల నువ్వు ఒక్క మాట అందిచ్చినవనుకో, మళ్ల మొఖానికి రంగెయ్య. గిదే షరతు."

"గట్లెందుకు? అందియ్యనీకే గదా నేనున్నది."

"ఇన్నేండ్లు అందిచ్చినవ్, సాలు. నేనింక రాజునా కాదా, నాకు ఎరుక కావాలె."

బయట కోసేసిన కంది చేలు, ఒకదాని మీద ఒకటి పేర్చిన నాపరాళ్లు మంచులోంచి తేలి వచ్చి, మళ్లీ మంచులోకే పోతున్నాయి. రైలు కదులుతోందో, తెర మీద బొమ్మలు కదులుతున్నాయో తెలియనట్టుంది.

మధ్యాహ్నం హాలు వెనక గదిలో రంగులు వేసుకోవడం మొదలైంది. రాణిది తాండూరే. వయసులో ఉన్నప్పుడు పగలంతా నాపరాయి పాలిషింగులో కూలి, సాయంత్రమైతే రాణి. వేదిక మీద రాజును "ప్రభూ" అంటుంది. దిగితే "అన్నా" అంటుంది. ఈ రెండు పిలుపులూ కలిసిపోవడం నేనెన్నడూ వినలేదు.

"మొదటి ఆటకు నాకు పౌడరే ఎయ్యలేదన్నా, యాదికుందా? పాలిషింగు కాడికెల్లి సీదా వస్తి. రాతిదుమ్ముతోనే తెల్లగున్న."

"యాదికెందుకు లేదు? నువ్వు దులుపుకున్నవ్, నేను తుమ్మిన. రాజుగారి మొదటి మాట గదే."

మీసం అంటించుకుంటున్న సేనాపతి అందుకున్నాడు. "నువ్వేం తక్కువనా? కండక్టరువై టికెట్లు కొట్టుకుంట పద్యం ఎత్తుకుంటే, పరిగిల దిగెటోళ్లు దాటిపోయి దోమ ఊర్ల దిగిండ్రట."

"దిగి ఊకున్నరా? మిగిలిన పద్యం ఇననీకి అదే బస్సుల వాపస్ వచ్చిండ్రు!"

అందరం నవ్వాం. రాణి మాత్రం నవ్వలేదు. రైల్లో విన్న షరతు సంగతి సేనాపతి అప్పటికే ఆమె చెవిన వేశాడు.

"నన్ను ఇంట్ల ఎన్నడన్న ఎవలన్న దేవీ అన్నరా?" అంది అద్దంలోనే ఆయన్ని చూస్తూ. "నువ్వు రంగు ఇడిస్తే నేనెవలికి రాణిని?"

ఆయన కిరీటం తీసి తుడిచాడు, తుడిచిందే మళ్లీ తుడిచాడు.

పొద్దుగూకే వేళకు తెర లేచింది. నేను పక్క తెర చాటున పుస్తకం పట్టుకుని నిలబడ్డాను. లైట్ల వెలుతురులో తాండూరు దుమ్ము బంగారు రంగులో మెల్లగా తేలుతోంది. బట్ట మీద గీసిన కోట గోడ పంకా గాలికి ఊపిరి తీస్తున్నట్టు ఊగుతోంది. రాజు గొంతు మునుపటి కంటే సన్నబడింది కానీ ఎక్కడా తొణకలేదు. సీను వెనక సీను దాటుతుంటే నేను పేజీ తిప్పడం కూడా మరిచిపోతున్నాను.

శత్రువులు గుమ్మం దాకా వచ్చారు. రాజు తాళాల గుత్తి చేతిలోకి తీసుకున్నాడు.

"దేవీ, ఈ తాళాలు..."

ఆగిపోయాడు.

హార్మోనియం మాస్టరు శ్రుతిని అలాగే పట్టి ఉంచాడు. 'తలుపులవి కావు' అన్న మాట నా నాలుక చివర ఉంది. రాజు నా వైపు చూడలేదు. తాళాలనే చూస్తున్నాడు, అవి ఏ ఇంటివో తెలియనట్టు. నేను పెదవులు బిగించాను.

రాణి ఒక అడుగు ముందుకు వేసింది.

"అన్నా!" అంది.

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. "ఓయమ్మ, మొగన్ని పట్టుకొని అన్నా అంటున్నదేందే!" అని ఒకామె పైకే అనేసింది. హాలంతా నవ్వు. ఆ నవ్వు అలలా వచ్చి వేదికను తాకింది. రాజు తలెత్తాడు. నిద్రలోంచి లేచినవాడిలా జనాన్ని చూశాడు, రాణిని చూశాడు. నవ్వు తగ్గేదాకా ఆగి, నిదానంగా అన్నాడు:

"కోట పోయేనాడు వరసలు గుర్తుండవు, దేవీ."

ఆ మాట పుస్తకంలో లేదు. హాలంతా చప్పట్లు. అవి ఆగకముందే ఆయన "ఈ తాళాలు తలుపులవి కావు" అని ఎత్తుకుని, తెర పడేదాకా ఎక్కడా ఆగలేదు.

మరునాడు పొద్దున తాండూరు స్టేషనుకు రాణి జొన్నరొట్టెలు మూట కట్టి తెచ్చింది. రాజు చెవి వెనక ఇంకా కొంచెం రంగు ఉంది.

"నువ్వు అందిచ్చినవా?" అని నన్నడిగాడు.

"లే."

ఆమె వైపు తిరిగాడు. "నీకు నోరు జారిందా, కావాలని అన్నవా?"

"షరతు గీయనతోని పెట్టుకున్నవ్ అన్నా. నాతోని పెట్టుకోలే గదా," అంటూ రొట్టెల మూట అందించింది.

ఆయన మూట అందుకుని సంచిలో పెట్టుకున్నాడు. రైలు కూత దూరంగా వినబడింది.

"రంగు డబ్బా అడుగంటింది. వికారాబాద్‌ల దిగంగనే కొత్తది కొనాలె, యాది చెయ్యి," అన్నాడు నాతో.

రాణి కొంగుతో ఆయన చెవి వెనక రంగు తుడిచింది. నేను నాటకం పుస్తకం తెరిచి, ఆ కొత్త మాటను దాని చోట చేర్చుదామని కలం తీశాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"రాయకు," అన్నాడు. "రాస్తే మళ్ల మరుస్త."