మావయ్య తోసిన కొత్త కారు

పాత కారు అమ్మేసి, ఛార్జింగుతోనూ పెట్రోలుతోనూ నడిచే పెద్ద కారు కొన్న కొత్తలో సంగతి. చేపల వేటలోనే జీవితం గడిపిన మా మావయ్యగారిని ఎక్కించుకుని తగరపువలస వెళ్లాను. బజార్లో ట్రాఫిక్‌కి ఆగగానే ఇంజను ఆగి, కారు కరెంటు మీదకి మారింది. చప్పుడే లేదు.

"ఇంజను ఆగిపోనాది కదమ్మా! నువ్వు స్టీరింగు అట్టుకో, నాను తోత్తాను," అంటూ మావయ్య దిగిపోయారు.

"బాగానే ఉంది మావయ్యా!" అంటే వింటేగా! వెనక హారన్లు. పడవని సముద్రంలోకి నెట్టినట్టు కారుకి భుజం ఆనించి "హైలెస్సా!" అన్నారు. దారినపోయే నలుగురూ చెయ్యేశారు. సిగ్గుతో చచ్చిపోతూ మెల్లగా యాక్సిలరేటర్ నొక్కాను. కారు కదిలింది. ఒకటే చప్పట్లు!

"సూసావా!" అంటూ చెమట తుడుచుకుని ఎక్కారు. ఆ మొహం చూశాక నిజం చెప్పబుద్ధి కాలేదు.

మీ కారు దేంతో నడుస్తుందని ఇప్పుడెవరడిగినా, "పెట్రోలు, కరెంటు, మా మావయ్య భుజం" అంటాను.